సమానంగా తూగిన పంది పిల్లలు

"మళ్ళీ తూచండి మావయ్యా," అంది కోడలు.

"మూడుసార్లు తూచాం తల్లీ. ఇంకోసారి తూస్తే కాటాకి కళ్ళు తిరుగుతాయి," అన్నారు మామగారు.

ముల్లు మారలేదు. కుడి వరుస పిల్లలన్నీ కలిపి ఎంత తూగాయో, ఎడమ వరుస పిల్లలన్నీ కలిపి అంతే తూగాయి. ఒక గుప్పెడు దాణా అటు పడితే అటు మొగ్గేది, ఇటు పడితే ఇటు. ఆ ఇంట్లో అంత సమానంగా ఎవరూ ఎప్పుడూ ఏదీ పంచుకోలేదు.

కోడలు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఒక ఈగ లోపలికెళ్ళి, నాలుగు పక్కలా చూసి, నచ్చక బయటికొచ్చేసిందని మామగారు తర్వాత అందరికీ చెప్పారు. ఆయన చూశానన్నాక ఇంక కాదనేవాళ్ళు లేరు.

షెడ్డు గుమ్మంలో ఆడపడుచు నిలబడి ఉంది. ఆమె చెవి వెనక ఎప్పటిలాగే సిరంజి. సూది లేనిదే, ఖాళీదే. అయినా ఆ ఇంటికొచ్చిన చుట్టాలెవరూ ఆమెకు వీపు చూపించి కూర్చోరు. చుట్టుపక్కల అందరికీ ఆమె సూదులక్క. ఉత్తరాలు తెచ్చే మనిషి ఒకసారి గుమ్మంలో దగ్గాడని, మాట్లాడుతూనే అతని చొక్కా చెయ్యి పైకి మడిచేసిందని చెప్పుకుంటారు.

"ఏం మరదలా," అంది సూదులక్క. "పొడి తిన్న వరుస ఇది. తినని వరుస అది. రెండూ ఒకటే. ఇప్పుడేమంటావు?"

"ఎక్కడో ఏదో తేడా జరిగింది వదినా."

"జరిగింది. నీ మాట విని మా నాన్న ఆ పొడిని షెడ్డులోకి రానిచ్చాడే, అదే ఆ తేడా."

"అక్కా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు కోడలి మొగుడు. ఇంట్లో అందరూ అతన్ని చిన్నోడంటారు. మనిషి గుమ్మానికి తల తగిలేంత పొడుగు. మాట మాత్రం ఎప్పుడూ మోకాలి ఎత్తు దాటదు.

"నువ్వు ఊరుకోరా. నువ్వు మాట్లాడితే ఆ పొడి కన్నా పలచగా ఉంటుంది."

చిన్నోడు ఊరుకున్నాడు. అతనికి బాగా వచ్చిన విద్య అదే.

నిజానికి పందెం పెట్టింది సూదులక్కే. తల్లి దగ్గర్నుంచి విడదీసి పాలు మాన్పించిన పంది పిల్లల బతుకు మహా ఘోరం. అమ్మ ఉండదు, పాలుండవు, పక్కన పడుకున్నది ఎవరి పిల్లో తెలీదు. ఆ బెంగలో ఉండగానే కడుపులో ఇన్‌ఫెక్షన్ దిగుతుంది. నీళ్ళ విరేచనాలతో పారుకుంటాయి, తిండి మానేస్తాయి, ఒంట్లో ఉన్న కండనే కరిగించుకుంటాయి. పోయిన ఈతలో బక్క పిల్లలన్నీ అలాగే పోయాయి. సూదులక్క సూదుల మీద సూదులు వేస్తుండగానే పోయాయి.

దాణా మిల్లులో పొడులు కలిపే పని మానుకుని వచ్చిన కోడలు అప్పుడే అంది. సూది రోగంతో పోట్లాడుతుంది, సరే, పోట్లాట అయ్యేదాకా పిల్ల ఏం తిని నిలబడాలని. ఈస్టు, జింకు, విటమిన్లు, ఇంకా నాలుగు రకాలు కలిపి పసుపుపచ్చ పొడి ఒకటి తయారుచేసింది. ఇది మందు కాదు వదినా, పోట్లాడే వాడికి పెట్టే అన్నం, అంది.

అయితే తేల్చుకుందాం, అంది సూదులక్క. సూదులు రెండు వరుసలకీ ఒకేలా పడాలి. పొడి మాత్రం కుడి వరుసకే. కుడి వరుస ఎక్కువ తూగితే పిల్లల షెడ్డు కోడలిది. లేకపోతే షెడ్డు సూదులక్కది, పొడి గేటు బయటిది.

"నాన్నా, చెప్పెయ్," అంది సూదులక్క.

"రేపు పొద్దున్న కొత్త ఈత పిల్లలు షెడ్డులోకొస్తాయి," అన్నారు మామగారు. "అవి ఎవరి చేతుల్లో పెరగాలో సాయంత్రం చెప్తాను."

"ఇప్పుడు చెప్తే ఏం?"

"తీర్పన్నాక టీ తాగి చెప్పాలే. గొంతెండిపోయి ఇచ్చిన తీర్పుని ఎవరూ లెక్కచెయ్యరు."

అందరూ వెళ్ళిపోయారు. కోడలు కదల్లేదు.

పిల్లల్ని మళ్ళీ వాటి వాటి గదుల్లోకి తోలి, దీపాల కింద వెచ్చగా సర్దుకునేదాకా చూస్తూ నిలబడింది. ఒక్క పిల్ల కూడా పోలేదు ఈసారి. అన్నీ జబ్బుపడ్డాయి, అన్నీ లేచాయి. పొడి తిన్నవి లేచాయంటే సరే. తిననివి ఎందుకు లేచినట్టు? వాటికెవరు చెప్పారు లెమ్మని?

ఎడమ వరుస తొట్టి కడుగుదామని వంగింది. తొట్టి మూలలో పసుపుపచ్చగా అట్టకట్టి ఉంది. గోరుతో గీకింది. వాసన చూసింది. మిల్లులో అన్నేళ్ళు ఆ వాసనతోనే బతికిన ముక్కు అది, నిద్రలో అడిగినా పేరు చెబుతుంది.

ఈస్టు.

"అత్తయ్యా!"

ఆ అరుపుకి రెండు వరుసల పిల్లలూ ఒకేసారి లేచి నిలబడ్డాయి. అత్తగారు మాత్రం తాపీగా బకెట్టు పట్టుకుని వచ్చింది. పొద్దున్నపూట మేత వేసేది ఆవిడే. కోడలు పొడి కొలిచి కుడి వరుస బకెట్టులో కలిపి పెడితే, మోసుకెళ్ళి తొట్లలో పోసేది ఆవిడ.

"ఎందుకమ్మాయ్ అరుస్తావు? పిల్లలు దడుచుకున్నాయి చూడు."

"ఈ తొట్లోకి పొడి ఎలా వచ్చింది?"

అత్తగారు తొట్టి వంక చూసింది. కోడలి వంక చూసింది. ఎక్కువసేపు ఆలోచించలేదు. అబద్ధం ఆడటం ఆవిడకి రాదని కాదు, దానికి పెట్టేంత తీరిక ఆవిడకి లేదు.

"నేనే వేశాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచీ. మరి వెయ్యొద్దా? ఇటు పిల్లలకి పసుపు దాణా, అటు పిల్లలకి తెల్ల దాణా. అటువి గోడ పక్కన నిలబడి ఇటు చూస్తున్నాయే! నేను కన్న ఇద్దరికీ ఏనాడైనా తేడాగా వడ్డించానా? నువ్వొచ్చాక నీకూ నా కూతురికీ తేడాగా వడ్డించానా?"

"అత్తయ్యా, తేడాగా పెట్టాలనే కదా అంత ఒప్పందం చేసుకున్నాం!"

"ఒప్పందం మీరు చేసుకున్నారు. తొట్టి దగ్గర నిలబడేది నేను. నా మొహం చూసి ఏడ్చేవి నన్ను అడిగాయా నీ ఒప్పందం ఏమిటని?"

కోడలు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయింది.

"సగం సగం పంచారా?"

"మొదట్లో సగం సగం. తర్వాత అవి మరీ పిసరంత ఉన్నాయని ఎడమవైపే కాస్త ఎక్కువ వేశాను. తిట్టుకుంటే తిట్టుకో."

తిట్టాలని నోరు తెరిచిన కోడలు అక్కడే ఆగిపోయింది. మనసులో ఏదో గిర్రున తిరిగింది. రెండు వరుసలూ పొడి తిన్నాయి. రెండు వరుసలూ బతికాయి. అంటే తను ఓడిపోలేదు! అత్తగారిని కౌగిలించుకోవాలో, ఆ బకెట్టుతోనే ఒకటి వెయ్యాలో తెలియలేదు. రెండూ చెయ్యాలనిపించింది, ముందు ఏది అన్నదే సమస్య.

అప్పుడే ఇంకో మాట తట్టింది.

"పిసరంత ఉన్నాయా? ఎడమవైపువా? రెండు వరుసల్లోనూ పెద్దా చిన్నా సమానంగానే విడదీశారు కదా?"

"నాకేం తెలుసమ్మాయ్. విడదీసింది నీ మొగుడు," అంది అత్తగారు, బకెట్టు లాక్కుంటూ.

చిన్నోడు పెరట్లో పైపు పట్టుకుని నేల కడుగుతున్నాడు. కడగడానికి ఏమీ మిగల్లేదు. నేల అప్పటికే ఇంట్లో పళ్ళేల కన్నా శుభ్రంగా ఉంది.

కోడలు వెళ్ళి కొళాయి కట్టేసింది.

ఆ ఇంట్లో చిన్నోడి చేతులంటే అందరికీ గురి. పిల్లని చంకల కింద పట్టి ఎత్తి, ఒకసారి ఊపి, బరువెంతో చెప్పేస్తాడు. కాటాలో పెడితే అంతే ఉంటుంది. అందుకే పాలు మాన్పించిన రోజు పిల్లల్ని కాటా ఎక్కించరు. అతను ఎత్తి చూసి, ఇది ఇటు, ఇది అటు అంటాడు. అదే ఇంటి పద్ధతి. పందెం మొదలైన రోజున కూడా అలాగే జరిగింది. కాటా తెమ్మని ఎవరికీ తోచలేదు. తోచినా, తెమ్మంటే చిన్నోడి చేతుల్ని అవమానించినట్టు.

"విడదీసేటప్పుడు ఏం చేశారు మీరు?"

"ఏం చేస్తాను? విడదీశాను."

"ఎలా?"

"చేతుల్తో."

చిన్నోడు నీళ్ళు రాని పైపుతో ఇంకాస్త నేల కడిగాడు.

"కుడివైపు ఏవి పెట్టారండీ?"

"పిల్లల్నే."

"ఎలాంటి పిల్లల్ని?"

పైపు కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. అవి తడిగా లేవు.

"కొంచెం... గట్టివి."

"కొంచెమా?"

"గట్టివన్నీ."

కోడలికి నేల ఒక అంగుళం కిందికి దిగినట్టనిపించింది. పొద్దున్న కాటా ముల్లు ఆగినప్పుడు కూడా ఇలా అనిపించలేదు.

"బక్కవన్నీ వదిన వరుసలోకి తోసేశారు."

"నువ్వు గెలవాలనే. ఇంకెవరి కోసం చేస్తాను? ఆ మిల్లు పని మానిపించి తెచ్చింది నేనే కదా. ఓడిపోతే నీ మొహం ఎలా చూడను?"

"అంటే ఓడిపోతాననుకున్నారు."

"అలా కాదు."

"మరెలా?"

"ఒకవేళ... ఒకవేళకి అంతే."

"నా పొడి కలుపుతుంటే పక్కన కూర్చుని చూశారు. బాగుంటుంది, పనిచేస్తుంది అన్నారు. రోజుకి పదిసార్లు అన్నారు."

"బాగుంటుంది అనే అన్నాను. ఇప్పుడూ అంటున్నాను."

"నోటితో అన్నారు. చేతులు ఇంకోటి అన్నాయి."

చిన్నోడు తన చేతుల వంక చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

దూరంగా తల్లి పందులు గురక పెట్టే చప్పుడు వినిపిస్తోంది.

"మీకో సంగతి చెప్పనా?" అంది కోడలు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆ నెమ్మది చూసి చిన్నోడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అత్తయ్య ఎడమవైపు కూడా పొడి వేసింది. బక్కవని ఎక్కువే వేసింది. పోయిన ఈతలో ఆ సైజు పిల్లలన్నీ సూదులు వేస్తుండగానే పోయాయి. ఈసారి లేచి, మీరు ఏరి పెట్టిన గట్టి పిల్లలతో సమానంగా తూగాయి."

చిన్నోడి కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే పొడి..."

"పనిచేసింది. మనం అనుకున్న దానికన్నా బాగా పనిచేసింది. అది ఎవరికైనా చెప్పాలంటే అత్తయ్య చేసింది చెప్పాలి. మీరు చేసింది చెప్పాలి."

"చెప్పొద్దు," అన్నాడు వెంటనే. "అక్క నన్ను చంపేస్తుంది. అమ్మని కూడా నానా మాటలంటుంది. కొన్నాళ్ళు పోనీ, నెమ్మదిగా నేనే నాన్నకి..."

"కొన్నాళ్ళు ఎక్కడున్నాయి? కొత్త పిల్లలు రేపొస్తున్నాయి. పొడి గేటు బయట ఉంటే వాటిలో బక్కవి మళ్ళీ పోతాయి. వాటికి మీరు చెప్తారా, నెమ్మదిగా?"

అతని సమాధానం కోసం ఆగలేదు.

మామగారు వసారాలో టీ తాగడం పూర్తి చేసి, గొంతు సవరించుకుని, తీర్పుకి సిద్ధంగా ఉన్నారు. సూదులక్క పక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. కోడలు నిలబడే అంతా చెప్పింది. తొట్టిలో పసుపు. అత్తయ్య పంపకం. చిన్నోడి చేతులు. తల దించుకోలేదు, గొంతు పెంచలేదు.

మామగారు ఖాళీ కప్పు ఎత్తి ఇంకో గుక్క తాగారు. అందులో ఏమీ లేదని చాలాసేపటికి తెలుసుకున్నారు.

"ఏమే?" అన్నారు భార్యతో.

"అవును," అంది అత్తగారు. "మళ్ళీ అయినా అంతే చేస్తాను."

"ఏరా?"

చిన్నోడు స్తంభం వెనక నిలబడ్డాడు. ఆ స్తంభం అతనిలో సగం కూడా దాచలేకపోయింది. "అవును నాన్నా," అంది మిగిలిన సగం.

అందరూ సూదులక్క వైపు తిరిగారు. ఇప్పుడు కప్పులు ఎగురుతాయని మామగారు తన కప్పుని ఒళ్ళో దాచుకున్నారు.

సూదులక్క అరవలేదు. దానికే అందరికీ భయం వేసింది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?" అంది కోడలు.

"బక్కవన్నీ నా వైపు తోశాడని. ఆ పిల్లలు పుట్టినప్పుడు ఒక్కోదాన్నీ తల్లి కిందినుంచి లాగి తుడిచింది ఎవరనుకున్నావు? ఏది గట్టిదో ఏది బక్కదో నాకు తెలీదా? మొదటి రోజే చూశాను."

"చూసి ఊరుకున్నారా!"

"ఊరుకున్నాను. బక్కవాటితోనే గెలిచి చూపిద్దామని. గెలిచాననే అనుకున్నాను, ఇందాకటి దాకా. ఇందాక తూకం అయ్యాక, ఎవరూ చూడకుండా నవ్వుకున్నాను కూడా. నా సూదులే నిలబెట్టాయి వాటిని అని." తల్లి వైపు చూసి, మళ్ళీ కోడలి వైపు తిరిగింది. "అమ్మ నా వరుసకి నీ అన్నం పెడుతోందని నాకెవరు చెప్పారు?"

ఆ మాటలో కోపం లేదు. ఎప్పుడూ వినని గొంతు అది. తను కాక ఆ ఇంట్లో ఒప్పందం తప్పని మనిషి ఒక్కతే ఉంది, ఆ ఒక్కతీ తన మీద పందెం కట్టినావిడే.

"ఇదేం తీర్పవుతుంది?" అన్నారు మామగారు, పెళ్ళాన్నీ కొడుకునీ మార్చి మార్చి చూస్తూ. "ఒకరు పిల్లల్ని మార్చారు, ఒకరు మేత మార్చారు. ఏది దేనివల్ల లేచిందో చెప్పడానికి ఏం మిగిలింది? పొడి గెలిచిందనలేను. ఓడిందనలేను. రేపటి పిల్లలతో మళ్ళీ మొదటినుంచి చెయ్యండి. సరిగ్గా. అప్పటిదాకా షెడ్డు ఇద్దరిదీ."

"రేపు విడదీసేది ఎవరు?" అంది సూదులక్క.

"మీరే వదినా," అంది కోడలు.

చిన్నోడు స్తంభం వెనకనుంచి పూర్తిగా బయటికొచ్చాడు. "అదేంటి? విడదీసేది ఎప్పుడూ నేనే కదా!"

కోడలు అతని వైపు తిరగలేదు.

"నేను బక్కవి నీ వైపు తోస్తే?" అంది సూదులక్క.

"తొయ్యరు. మీకు నిజంగా గెలవాలని ఉంది. నన్ను గెలిపించాలని ఉన్నవాళ్ళే తోస్తారు."

చిన్నోడు కూర్చోడానికి కుర్చీ వెతుక్కున్నాడు. కుర్చీ పక్కనే ఉంది, కనిపించలేదు. గడప మీద కూర్చున్నాడు.

సూదులక్క మరదల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"సరే. సమానంగానే విడదీస్తాను. రెండువైపులా గట్టివీ ఉంటాయి, బక్కవీ ఉంటాయి. కాటా మీదే పెడదాం. మరి పొడి లేని వరుసలో బక్కవాటి సంగతేంటి?"

"అంటే?"

"పొడి పనిచేస్తుందని ఇందాక అన్నావు. వాటి ప్రాణం అదే నిలబెట్టిందన్నావు. నమ్మే అన్నావా?"

"నమ్మే అన్నాను."

"అయితే ఆ వరుసకి పెట్టకుండా ఉండగలవా? పారుకుని, తిండి మానేసి, గోడ పక్కన నిలబడి అటు చూస్తుంటే? పొడి డబ్బా నీ చేతిలో ఉండగా?"

కోడలు షెడ్డు వైపు చూసింది.

"అన్నిటికీ పెట్టేస్తే?" అంది చివరికి.

"అన్నిటికీ పెడితే తేలేదేం ఉండదమ్మా," అన్నారు మామగారు. "తేలకపోతే షెడ్డు ఎప్పటిలా అక్కదే. పొడి మాట ఇంక ఎత్తకూడదు. ఈ ఈతకే కాదు, ఏ ఈతకీ."

అత్తగారు ముందుకొచ్చింది. కొంగు నడుముకి బిగించింది, ఏదో బరువు ఎత్తబోతున్నట్టు.

"ఇంక నేను చెయ్యి పెట్టనమ్మాయ్. మాటిస్తున్నాను. ఎటు పొయ్యమంటే అటు పోస్తాను, వద్దంటే పొయ్యను. ఏ వరుసకి వద్దో నువ్వే చెప్పు. నీ నోటితో చెప్పు."

అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. మొగుడు కూడా.

పోయిన ఈతలో చివరగా పోయిన పిల్ల కోడలికి గుర్తొచ్చింది. తన చేతుల్లోనే పోయింది అది. దాని మూతి ఇంకా తల్లి పాల వాసనే వేస్తోంది అప్పటికి.

"ఎడమ వరుసకి," అంది.

అది తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చింది. ఎంత మామూలుగా అందో! ఉప్పు వద్దన్నంత మామూలుగా.

అత్తగారు తల ఊపింది. ఎవరి వంకా చూడకుండా మెల్లగా లోపలికి నడిచింది, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల ఖణేల్మని చప్పుడైంది.

ఆ తలుపుకి గడియ ఉందన్న సంగతి ఆ ఇంట్లో వాళ్ళకి అప్పుడే తెలిసింది.